పాత హ్యాండీక్యామ్ వీడియోల్లో దువ్వెన గీతలు: తుడిచేసే ముందు తెలుసుకోవాల్సినవి

2003 గోదావరి పుష్కరాల నాటికి ఇంట్లోకి కొత్తగా వచ్చే హ్యాండీక్యామ్ అంటే చాలావరకు మినీ డీవీ క్యాసెట్ మీద నడిచేదే. రాజమండ్రి కోటిలింగాల రేవులో పుణ్యస్నానాలు, అమలాపురం పెళ్లిళ్లు, కనుమ నాడు జగ్గన్నతోటకు బయల్దేరే ప్రభలు, నర్సాపురం రేవులో పంటు ఎక్కే జనం ఆ చిన్న క్యాసెట్లలోనే ఉండిపోయారు. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. పాతవి బయటికి తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలంటే ఇంతకన్నా ఆలస్యం చేయకూడదు. క్యాసెట్లు మిగిలినా వాటిని ఆడించే కెమెరాలు పనిచేసే స్థితిలో దొరకడం ఏటికేడు కష్టమవుతోంది.

తీరా ఎక్కించి చూస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. కదలకుండా కూర్చున్న పెద్దాయన ముఖం శుభ్రంగా ఉంటుంది. ఆయన వెనక నుంచి పరుగెత్తే పిల్లాడి అంచుల నిండా మాత్రం అడ్డంగా, దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. కెమెరా అటూ ఇటూ తిప్పితే తెరంతా గీతలే. క్యాసెట్ పాడైపోయిందని కొందరు, కెమెరా హెడ్ (టేపును చదివే భాగం) పోయిందని కొందరు అనుకుంటారు. ఆ కంగారులో చేతికి దొరికిన కన్వర్టర్‌లో పడేసి గీతలు పోగొట్టుకుంటారు. అసలు నష్టం జరిగేది అక్కడే. గీతలు కనిపిస్తున్నాయంటే కెమెరా పట్టిన కదలిక మొత్తం ఇంకా ఫైల్‌లో ఉందన్నమాట. వాటిని తొందరపడి తుడిచేస్తే అందులో సగం తిరిగి రాకుండా పోతుంది.

ఒక ఫ్రేములో రెండు క్షణాలు

మన దేశంలో టీవీ ప్రసారాలు నడిచింది పాల్ పద్ధతిలో. ఒక చిత్రానికి 625 వరసలు, అందులో కంటికి కనిపించేవి 576. సెకనుకు 25 చిత్రాలు. పాత గాజు పిక్చర్ ట్యూబ్ మీద సెకనుకు 25 సార్లు మాత్రమే బొమ్మ వేస్తే తెర కళ్లు పీకేలా మినుకు మినుకుమంటుంది. పోనీ సెకనుకు 50 పూర్తి చిత్రాలు పంపుదామంటే ప్రసారానికి రెట్టింపు జాగా కావాలి. 1930ల్లోనే ఇంజినీర్లు దీనికి ఒక మధ్యేమార్గం పట్టుకున్నారు. ఒక్కో చిత్రాన్ని రెండు సగాలుగా చేసి, ముందు ఒకటి, మూడు, ఐదు ఇలా బేసి వరసలు, తర్వాత రెండు, నాలుగు, ఆరు ఇలా సరి వరసలు పంపారు. అలా సెకనుకు 50 సార్లు తెర వెలుగుతుంది, పంపే సమాచారం మాత్రం 25 చిత్రాలంతే ఉంటుంది. ఈ సగం చిత్రాన్నే ఫీల్డ్ అంటారు. ఈ పద్ధతి పేరే ఇంటర్‌లేసింగ్.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరబడతారు. ఒకే ఫోటో తీసి దాన్ని రెండుగా కోసి పంపడం కాదు ఇది. వీడియో కెమెరా బేసి వరసల ఫీల్డును ఒక క్షణంలో, సరి వరసల ఫీల్డును సెకనులో 50వ వంతు తేడాతో మరో క్షణంలో తీస్తుంది. ఆ 20 మిల్లీసెకన్లలో మనుషులు కదిలిపోతారు. ఒక మనిషి రెండు సెకన్లలో తెర ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడనుకుందాం. డీవీ చిత్రం వెడల్పు 720 పిక్సెళ్లు. అంటే సెకనుకు 360, ఒక ఫీల్డు నుంచి మరో ఫీల్డుకు సుమారు 7 పిక్సెళ్లు. రెండు ఫీల్డులను ఒకే ఫ్రేములో కలిపి చూపిస్తే ఆ మనిషి అంచున వరస విడిచి వరస 7 పిక్సెళ్లు పక్కకు జరిగి కనిపిస్తుంది. కనిపించే దువ్వెన పన్ను పొడవు సరిగ్గా అంతే. నడక వేగం పెరిగితే పన్ను పొడవూ పెరుగుతుంది. మనిషి ఆగితే గీత మాయమవుతుంది.

ట్యూబ్ టీవీ ఉన్నంతకాలం ఈ బాధ ఎవరికీ తెలియలేదు. కెమెరా ఏ వరుసలో ఫీల్డులు తీసిందో టీవీ అదే వరుసలో, అదే వేగంతో ఒక్కో ఫీల్డునూ వేసేది. సరి వరసలు వెలిగే వేళకు బేసి వరసల వెలుగు దాదాపు ఆరిపోయేది. “మా పాత టీవీలో బాగానే కనిపించేది” అని పెద్దవాళ్లు అంటే అది అక్షరాలా నిజం. ఇప్పటి ఎల్‌ఈడీ తెరలు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్ని వరసలనూ ఒకేసారి చూపిస్తాయి. అందుకే రెండు క్షణాలూ ఒకదాని మీద ఒకటి పడి గీతలవుతున్నాయి. కెమెరాను నేరుగా టీవీకి కలిపితే టీవీలో ఉండే సర్క్యూటే ఫీల్డులను విడదీసి సర్దుతుంది కాబట్టి గీతలు కనపడవు. అదే క్లిప్‌ను కంప్యూటర్ తెర మీద చూస్తే ప్లేయర్ ఆ పని చేస్తేనే పోతాయి.

డీవీ పద్ధతిని రూపొందించినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. డీవీలో ప్రతి ఫ్రేమునూ చిన్న చిన్న చదరాలుగా చేసి కుదిస్తారు. ఒక చదరంలో కదలిక ఎక్కువగా ఉంటే ఆ చదరం వరకు రెండు ఫీల్డులను విడివిడిగా లెక్కగట్టే ఏర్పాటు ఆ కోడెక్‌లోనే, అంటే కుదించే పద్ధతిలోనే ఉంది. ఫైల్‌లో రెండు క్షణాలూ శుభ్రంగా వేరువేరుగా భద్రంగా ఉన్నాయనడానికి అంతకన్నా హామీ అక్కర్లేదు.

ముందు రోగం ఏదో తేల్చుకోవాలి

అన్ని గీతలూ ఇంటర్‌లేసింగ్ గీతలు కావు. కదలని గోడ మీద, ఖాళీ ఆకాశం మీద కూడా చారలుంటే కారణం వేరే ఉంటుంది. చిత్రం గళ్లు గళ్లుగా పగిలి, మాట మధ్యమధ్యలో తెగిపోతుంటే అది క్యాసెట్ మీద బూజు కావచ్చు, హెడ్‌కు పట్టిన మురికి కావచ్చు. డెల్టా ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. వానాకాలమంతా బీరువాలో మూసి ఉంచిన క్యాసెట్ల రీళ్ల అంచున తెల్లటి బూజు పట్టడం మామూలే. అలాంటి క్యాసెట్‌ను అలాగే కెమెరాలో పెడితే బూజు హెడ్‌కు అంటుకుంటుంది, అక్కడి నుంచి తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కూ చేరుతుంది. దాన్ని ముందు తెలిసినవాళ్లతో శుభ్రం చేయించాలి. ఏ సాఫ్ట్‌వేరూ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

ఇంటర్‌లేసింగ్ అవునో కాదో తేల్చడం తేలిక. వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో మెనూలోకి వెళ్లి డీఇంటర్‌లేస్‌ను, అంటే ఫీల్డులను సర్ది గీతలు పోగొట్టే ఏర్పాటును ఆఫ్ చేసి, కదలిక ఉన్న చోట పాజ్ చేయాలి. కదిలే వస్తువు మీద మాత్రమే, ఒక్కో వరస మందంతో, వరస విడిచి వరస గీత ఉంటే అదే. గీతలు ఒక వరస కన్నా లావుగా, పట్టీల్లా ఉంటే మాత్రం వీడియోను ఎవరో అప్పటికే ఒకసారి చెడగొట్టారని అర్థం. దాని సంగతి తర్వాత వస్తుంది.

తలంబ్రాల గింజ, కెమెరా ఫ్లాష్

గీతలు పోగొట్టే పద్ధతులు చాలానే ఉన్నాయి. పేర్లు చదివితే అన్నీ ఒకటేలా అనిపిస్తాయి. తేడా తెలియాలంటే కష్టమైన దృశ్యం ఒకటి తీసుకోవాలి. అందుకు తలంబ్రాలను మించింది లేదు.

దోసిలి నుంచి జారి పడే బియ్యపు గింజ పావు సెకనులో తెర ఎత్తులో సగం పడిందనుకుంటే, ఒక ఫీల్డు నుంచి ఇంకో ఫీల్డుకు అది సుమారు 23 వరసలు దిగిపోతుంది. గింజ ఎత్తు మహా అయితే రెండు మూడు వరసలు. కాబట్టి పాజ్ చేసిన ఫ్రేములో గింజ అంచున పళ్లు కనపడవు. ఒకే గింజ రెండు చోట్ల రెండుగా కనపడుతుంది, పైన ఒక వరసలో కొంత, 23 వరసల కింద మరో వరసలో కొంత. మండపంలో వెలుతురు తక్కువైతే షట్టర్ దాదాపు ఆ 50వ వంతు సెకనంతా తెరిచే ఉంటుంది. అప్పుడు గింజ చుక్కలా కాక నిలువు చారలా పడుతుంది. ఒక ఫీల్డులోని చార ఎక్కడ ఆగిందో రెండో ఫీల్డులోని చార అక్కడ మొదలవుతుంది. చూసే కంటికి ధార తెగకుండా కనిపించేది అందుకే.

ఇప్పుడు ఒక్కో పద్ధతి ఈ గింజను ఏం చేస్తుందో చూడాలి. ఒక ఫీల్డును పారేసి మిగిలిన దాన్ని సాగదీసే పద్ధతిలో గీతలు పూర్తిగా పోతాయి, సందేహం లేదు. వాటితో పాటు ప్రతి రెండు చారల్లో ఒకటి పోతుంది. తలంబ్రాల ధార ఆగి ఆగి పడుతున్నట్టు ఉంటుంది. ముఖాల్లో నిలువు వివరం కూడా సగానికి పడిపోతుంది. రెండు ఫీల్డులనూ కలిపి సగటు తీసే పద్ధతిని బ్లెండ్ అంటారు. ఉచిత కన్వర్టర్లలో చాలాకాలం ఇదే నడిచింది. ఇందులో ప్రతి గింజా రెండు చోట్ల, సగం సగం వెలిసిపోయి కనిపిస్తుంది. కదిలే ప్రతి చేతి వెనకా ఒక నీడ చేయి ఉంటుంది. ఫీల్డ్ పారేసిన ఫైల్‌లో మిగిలిన సగమైనా నిజమైనది. బ్లెండ్ చేసిన ఫైల్‌లో నిజమైన క్షణమంటూ ఒక్కటీ ఉండదు. కుటుంబ వీడియోలకు ఇది అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

మూడోది బాబ్. ఒక్కో ఫీల్డును ఒక్కో పూర్తి ఫ్రేముగా పెంచుతారు. లేని వరసలను పైన, కింద ఉన్న వరసల నుంచి ఊహించి నింపుతారు. అలా సెకనుకు 50 ఫ్రేములు వస్తాయి. గింజ ప్రతి ఫ్రేములోనూ ఒక్క చోటే ఉంటుంది, ధార తెగదు. కదలిక విషయంలో ఇదే న్యాయమైన దారి. కానీ కదలని చోట్ల కూడా ఊహించి నింపుతుంది కాబట్టి పట్టుచీర జరీ అంచు, గుడి గోపురం మెట్ల వరసలు పైకీ కిందికీ వణుకుతుంటాయి.

ఈ వణుకును ఆపడానికి వచ్చినవే కదలికను గమనించే ఫిల్టర్లు. కదలని చోట రెండు ఫీల్డుల అసలు వరసలనూ అలాగే జతచేస్తాయి, కదిలే చోట మాత్రమే ఊహిస్తాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న యాడిఫ్ ఏళ్ల తరబడి ఈ పని నమ్మకంగా చేస్తోంది. దాని తర్వాత వచ్చిన బీడబ్ల్యూడిఫ్ అంచులను ఇంకొంచెం బాగా నింపుతుంది, వేగంలో పెద్ద తేడా లేదు. మామూలు కంప్యూటర్ మీద ఇంటి వీడియోలు చేసుకునేవాళ్లకు మొదటి ఎంపిక బీడబ్ల్యూడిఫే కావాలి.

పెళ్లి వీడియోలో ఇంకో మంచి పరీక్ష ఫ్లాష్. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఫోటోగ్రాఫర్లందరూ ఒకేసారి నొక్కుతారు. ఫ్లాష్ వెలుగు ఉండేది మిల్లీసెకను లేదా అంతకన్నా తక్కువ. అందువల్ల అన్ని వరసలనూ ఒకేసారి పట్టే సీసీడీ సెన్సార్ కెమెరాలో ఆ వెలుగు ఒక్క ఫీల్డులోనే పడుతుంది. ఆ ఫ్రేమును పాజ్ చేస్తే వధూవరుల ముఖాల మీద ఒక వరస తెల్లగా, ఒక వరస మామూలుగా, తెరంతా చారలే. కదలిక ఏమీ లేకపోయినా గీతలు కనిపించే సందర్భాల్లో ఇదొకటి. ఫీల్డ్ పారేస్తే ఆ ఫ్లాష్ అసలు లేకుండా పోతుంది, లేదా రెట్టింపు సేపు తెర తెల్లబోతుంది. బ్లెండ్ చేస్తే పాలిపోయిన మసక ఫ్రేము ఒకటి మిగులుతుంది. 50 ఫ్రేములుగా విడదీస్తే మాత్రం ఒక్క ఫ్రేము మెరిసి, వెంటనే మామూలవుతుంది. ఆ రోజు మండపంలో కూర్చున్నవాళ్లు చూసింది అదే. తర్వాత వచ్చిన సీమాస్ సెన్సార్ కెమెరాల్లో వరసలు ఒకదాని తర్వాత ఒకటి చదవబడతాయి కాబట్టి ఫ్లాష్ ఒక ముక్కలోనే పడి, తెరలో కొంత భాగం తెల్ల పట్టీగా కనిపిస్తుంది. దాన్ని డీఇంటర్‌లేసింగ్ బాగు చేయలేదు.

కొబ్బరాకులు, గోదావరి నీళ్లు

కోనసీమలో తీసిన వీడియోలో కొబ్బరి చెట్టు లేకుండా ఒక్క షాట్ ఉండదు. డీఇంటర్‌లేసింగ్‌కు అంతకన్నా కఠినమైన వస్తువూ లేదు. దూరం నుంచి తీసిన కొబ్బరాకు ఈనెలు తెర మీద ఒక వరసంత సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటాయి. ఒక ఫీల్డులో ఆ ఈనె ఉంటుంది, రెండో ఫీల్డులో ఉండదు. పైగా గాలికి ఊగుతుంటుంది. అది కదలికో, వరసల మధ్య పడిన సన్నని వివరమో ఫిల్టర్‌కు తేల్చడం కష్టం. కదలిక అనుకుంటే ఆకు మిణుకుమిణుకుమంటుంది, కదలిక కాదనుకుంటే అక్కడక్కడ దువ్వెన పళ్లు మిగులుతాయి. పెంకుటింటి కప్పు, నాట్లు వేసిన చేలో వరసలు, దూరంగా వంతెన కమ్మీలు కూడా ఇదే తంటా పెడతాయి.

నదీ అంతే. ఎండ పడిన అలల మీద తళుకు ప్రతి ఫీల్డులోనూ కొత్త చోట పుడుతుంది. అక్కడ జతచేయడానికి నిలకడగా ఉన్నదేదీ లేదు. ఫిల్టర్ మొత్తం ఊహ మీదే నడవాలి. తళుకులు చిన్న అడ్డగీతల్లా గజిబిజిగా కనిపిస్తాయి.

ఇలాంటి చోట్ల క్యూటీజీఎంసీ అనే ఫిల్టర్ బాగా పనిచేస్తుంది. ఇది ముందు వెనక ఫీల్డుల్లో ప్రతి చిన్న ముక్కా ఎటు కదిలిందో వెతికి, ఆ దారి వెంట వివరాన్ని తెచ్చి ఖాళీ వరసల్లో నింపుతుంది. ఏవీఐసింత్, వేపర్‌సింత్ అనే స్క్రిప్టులతో నడిచే వీడియో సాఫ్ట్‌వేర్లలో పనిచేస్తుంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. పాత కంప్యూటర్ మీద గంట వీడియోకు చాలా గంటలు పట్టవచ్చు. ఫలితం చూశాక ఆ సమయం దండగ అనిపించదు. కొబ్బరాకులు నిలకడగా ఊగుతాయి, జరీ అంచు వణకదు. అయితే దీని సహజ గుణం నునుపు చేయడం. మరీ గట్టి సెట్టింగ్ పెడితే నీటి మీద తళుకు చచ్చిపోతుంది, చామనఛాయ ముఖాల్లో ఉండే సన్నని చర్మపు తీరు కూడా పోతుంది. పుష్కర ఘాట్ షాట్లకు నునుపు తగ్గించి, పెళ్లి మండపం షాట్లకు కొంచెం పెంచి చేయడం మేలు. మొత్తం క్యాసెట్‌కు ఒకే సెట్టింగ్ పెట్టి వదిలేయకూడదు.

ఈ మధ్య ఏఐ టూల్స్ కూడా ఈ పని చేస్తున్నాయి. కొన్ని షాట్లలో అంచులు ఆశ్చర్యంగా కుదురుతాయి. కానీ దూరంగా ఉన్న చిన్న ముఖాల్లో లేని కళ్లు, లేని పళ్లు కల్పిస్తాయి. తాతగారి ముఖం అసలుది కాకుండా ఆయనలాంటి ఎవరిదో అయిపోతే ఆ వీడియోకు అర్థమే లేదు. ఇంటి రికార్డుకు ఇవి వద్దు.

డీఇంటర్‌లేస్ చేస్తే పదును తగ్గుతుందని బాధపడేవాళ్లకు ఒక మాట. చాలా క్యామ్‌కార్డర్లలో సీసీడీ ఒక్కో ఫీల్డుకు పక్కపక్కనున్న రెండు వరసలను కలిపి చదివేది. ట్యూబ్ టీవీలో సన్నని గీతలు మినుకుమనకుండా ఉండటానికి కావాలనే చేసిన ఏర్పాటది. కాబట్టి ఫైల్‌లో 576 వరసలున్నా, అంత నిలువు వివరం అసలు కెమెరాలోనే పుట్టలేదు. మంచి ఫిల్టర్ వాడితే కోల్పోయేది అనుకున్నంత ఉండదు.

ఎక్కించుకోవడంలోనే సగం పని

క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే దారి తప్పయితే తర్వాత ఏ ఫిల్టరూ ఆదుకోదు. మినీ డీవీ క్యాసెట్ మీద ఉన్నది డిజిటల్ సమాచారం. ఫైర్‌వైర్ తీగ ద్వారా తీసుకుంటే అది ఉన్నది ఉన్నట్టు ఫైల్ అవుతుంది, ఫీల్డులు చెక్కుచెదరవు. సోనీ కెమెరాల మీద అదే ఐలింక్ పేరుతో ఉంటుంది. గంట వీడియో సుమారు 13 జీబీ అవుతుంది. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో 70 గంటలకు పైగా పడుతుంది కాబట్టి ఈ రోజుల్లో అది భారం కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఫైర్‌వైర్ ఉండదు. ఒక పాత డెస్క్‌టాప్‌లో కార్డు వేయించుకోవడమే నమ్మకమైన మార్గం. కెమెరాకు యూఎస్‌బీ రంధ్రం ఉంది కదా అని దానితో ఎక్కిస్తే, చాలా మోడళ్లలో ఫోటోలు గానీ చిన్న సైజు వీడియో గానీ మాత్రమే వస్తుంది.

పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగతో యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ వాడేవాళ్లున్నారు. వీహెచ్ఎస్ క్యాసెట్లకు అలాంటి దారే గతి, డీవీకి మాత్రం అవసరం లేదు. ఆ పిన్నులను హెచ్‌డీఎంఐకి మార్చే చవక డబ్బాలు ఇంకా ప్రమాదం. లోపలే ఫీల్డులను ఎలాగోలా కలిపేసి, సైజు పెంచి పంపిస్తాయి. బయటికి వచ్చాక విడదీయడానికి ఏమీ మిగలదు.

ఫైల్ వచ్చాక ఫీల్డుల వరుస చూసుకోవాలి. డీవీలో కింది ఫీల్డు (సరి వరసలది) ముందు వస్తుంది. తర్వాతి హెచ్‌డీ పద్ధతులైన హెచ్‌డీవీ, 2006లో వచ్చిన ఏవీసీహెచ్‌డీ కెమెరాల 1080 వరసల ఇంటర్‌లేస్డ్ ఫైళ్లలో పై ఫీల్డు (బేసి వరసలది) ముందు. సాఫ్ట్‌వేర్ దీన్ని తలకిందులుగా తీసుకుంటే వెంటనే తెలిసిపోతుంది. సఖినేటిపల్లి వైపు సాగే పంటు రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తున్నట్టు అదురుతుంది. పాజ్ చేస్తే ప్రతి ఫ్రేమూ శుభ్రంగానే ఉంటుంది కాబట్టి ఆడించి చూస్తేనే పట్టుబడుతుంది. డీవీ క్లిప్పులనూ హెచ్‌డీవీ క్లిప్పులనూ ఒకే ప్రాజెక్టులో వేసేవాళ్లకు ఈ ఇబ్బంది తరచూ వస్తుంది.

పని క్రమంలో ఒక నియమం తప్పకూడదు. ముందు డీఇంటర్‌లేసింగ్, ఆ తర్వాతే సైజు మార్చడం, తిప్పడం, వణుకు తగ్గించడం. ఫీల్డులు కలిసి ఉన్న ఫ్రేమును నిలువుగా కుదించినా సాగదీసినా సరి బేసి వరసలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సన్నని పళ్లు కాస్తా లావు పట్టీలవుతాయి. ఆ తర్వాత దేవుడొచ్చినా విడదీయలేడు. గీతలతోనే ఎంపీ4గా కుదించడం కూడా తప్పే. ఆ పళ్లను మోయడానికి కోడెక్ తన బిట్లన్నీ ఖర్చు పెట్టి, చివరికి వాటినీ సరిగ్గా ఉంచలేక అలుకుతుంది.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్ వాడేవాళ్లు ఫిల్టర్ల ట్యాబ్‌లో డీఇంటర్‌లేస్‌కు బీడబ్ల్యూడిఫ్ ఎంచుకుని, ప్రీసెట్‌గా బాబ్ పెట్టాలి. అంతటితో ఆగితే చాలదు, ఫ్రేమ్ రేటు 50 అని ఇవ్వాలి. పేరు చివర 30 అని ఉండే ప్రీసెట్లు (ముందే సిద్ధంగా ఉంచిన సెట్టింగులు) ఫ్రేమ్ రేటును అక్కడే ఆపేస్తాయి. 50ని 30కి కుదిస్తే కెమెరా తిప్పిన ప్రతి షాట్ కుంటుతుంది. కష్టపడి విడదీసిన క్షణాలు చివరి అడుగులో పోవడం చాలా ఫైళ్లలో కనిపించే దోషం. ఫోన్లలో పంచుకోవడానికి 25 ఫ్రేముల చిన్న కాపీ వేరే చేసుకోవచ్చు, తప్పులేదు. ఇంట్లో దాచుకునేది మాత్రం 50 ఫ్రేములదే కావాలి.

యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకు ఇంకో మెలిక. అక్కడ 50 ఫ్రేముల వేగం 720 వరసలు, ఆ పైన ఉన్న వీడియోలకే దక్కుతుంది. 576 వరసలతో ఎక్కిస్తే సగం ఫ్రేములు పోతాయి. డీఇంటర్‌లేస్ చేశాక 1440 బై 1080 సైజుకు పెంచి ఎక్కిస్తే పాత టీవీ కొలతల నిష్పత్తీ సరిపోతుంది, కదలికా నిలుస్తుంది. తెర నిండాలని 1920కి సాగదీయడం వద్దు. సన్నగా ఉన్న పెళ్లికొడుకు కూడా లావుగా కనపడతాడు.

విడదీయకూడనివి, విడదీయలేనివి

కొన్ని కెమెరాల్లో సినిమా లుక్ కోసం 25 పూర్తి ఫ్రేములు తీసే మోడ్ ఉండేది. ఫైల్ మాత్రం ఇంటర్‌లేస్డ్ అనే చెబుతుంది. అందులో రెండు ఫీల్డులూ ఒకే క్షణానివి కాబట్టి గీతలుండవు. డీఇంటర్‌లేస్ చేస్తే అనవసరంగా వివరం పోతుంది. కదలిక ఉన్న చోట పాజ్ చేసి చూసుకుంటే చాలు.

పెళ్లి వీసీడీలదీ దాదాపు అదే సంగతి. వీసీడీ చిత్రం 352 బై 288 మాత్రమే. ఒక్క ఫీల్డుకు ఉన్నన్ని వరసలే. దాని ఎంపెగ్1 పద్ధతికి ఇంటర్‌లేసింగే తెలియదు. అందుకే వీసీడీలో గీతలు కనపడవు. శుభ్రంగా ఉందని మురిసిపోవడానికి లేదు, రెండో సగం సీడీ రాసినప్పుడే పోయింది. డీవీడీలో మాత్రం 576 వరసలూ, రెండు ఫీల్డులూ ఉంటాయి. ఒకే పెళ్లికి వీసీడీ, డీవీడీ రెండూ ఉంటే డీవీడీనే పట్టుకోవాలి. ఆ క్యాసెట్టే దొరికితే రెండూ పక్కన పెట్టాలి.

మిక్సింగ్ చేయించిన పెళ్లి వీడియోల్లో బాగుపడని గీతలు చాలా ఉంటాయి. విచ్చుకునే తామర మధ్యలో పెళ్లికూతురు, హృదయం గుర్తులో ఊరేగింపు, తెర మూలన తిరిగే చిన్న పెట్టెలో బంధువులు... ఇవన్నీ ఆనాటి మిక్సింగ్ సొగసులు. కదిలే వీడియోను ఫీల్డులతో సహా కుదించి ఆ ఆకారాల్లో ఇరికించినప్పుడు వరసలు కలిసిపోయాయి. స్లో మోషన్ చేసిన చోట ఒకే జత ఫీల్డులు మళ్లీ మళ్లీ వచ్చి అక్కడికక్కడే వణుకుతుంటాయి. ఇక్కడ ఫిల్టర్లతో కుస్తీ పట్టడం కన్నా, వీడియో తీసినవాళ్లను అడిగి మిక్సింగ్‌కు ముందున్న క్యాసెట్ ఉందేమో కనుక్కోవడం మంచిది. క్యాసెట్ ఖరీదు కలిసొస్తుందని చాలామంది అదే టేపు మీద తర్వాతి పెళ్లి తీసేవారు కాబట్టి దొరుకుతుందన్న నమ్మకం లేదు. అయినా అడగాలి. దొరికిన చోట తేడా ఎంతో.

రంగుల సంగతి ఒకటుంది. డీఇంటర్‌లేస్ చేశాక కూడా ఎర్రచీర అంచునో, కుంకుమ బొట్టు చుట్టూనో మెట్లు మెట్లుగా పళ్లు మిగిలిపోవచ్చు. పాల్ డీవీలో రంగు సమాచారాన్ని నలుపు తెలుపు వివరం కన్నా తక్కువ వరసల్లో దాస్తారు. ఫీల్డులు విడదీయకముందే ఏదో ఒక దశలో సాఫ్ట్‌వేర్ ఆ రంగును పూర్తి ఫ్రేము లెక్కన సాగదీస్తే, బొమ్మ సరిగ్గా ఉండి రంగు మాత్రం తప్పు ఫీల్డులోకి జరుగుతుంది. ముదురు ఎరుపులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అలాంటి ఫైల్‌కు పైపూతలు పూయకుండా అసలు డీవీ ఫైల్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

మళ్లీ మొదలుపెట్టాలంటే అసలు ఫైల్ ఉండాలి కదా. అందుకే గీతలున్న డీవీ ఫైల్‌ను ఎప్పుడూ చెరపకూడదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి పాత రథం మంటల్లో కాలిపోయింది. తర్వాత కొత్త రథం చేయించారు. భీష్మ ఏకాదశి రథోత్సవానికి వెళ్లి ఎవరో చేత్తో పట్టుకుని తీసిన డీవీ క్లిప్‌లో ఆ పాత రథం కదులుతూ ఉంటే, అది ఇక ఆ ఇంటి వీడియో మాత్రమే కాదు. జనం తోపులాటలో కెమెరా ఊగిపోతుంది కాబట్టి అలాంటి క్లిప్‌లో ప్రతి ఫ్రేమూ గీతలమయంగా ఉంటుంది. గీతలు చూడలేక బ్లెండ్ చేసి, అసలు పారేస్తే రథం చెక్కడాలు ఒకదాని మీద ఒకటి అలుక్కుపోయి ఉండిపోతాయి. రెండు ఫీల్డులూ ఉంటే ఈ రోజు బీడబ్ల్యూడిఫ్‌తో ఒక కాపీ, రేపు ఇంకా మంచి ఫిల్టర్ వస్తే దానితో మరో కాపీ చేసుకోవచ్చు. డీవీ వచ్చిన 1995లో క్యూటీజీఎంసీ లాంటిది ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

దాచేటప్పుడు అసలు డీవీ ఫైల్‌ను రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, కుదిరితే రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టాలి. లంక గ్రామాల్లో వరద వచ్చిన ఏడు కింది అరలో ఉన్నవే ముందు తడుస్తాయి. 50 ఫ్రేముల కాపీని వేరే ఫోల్డర్‌లో ఉంచి, ఏ ఫిల్టర్‌తో ఏ సెట్టింగ్‌లో చేశారు, ఏ ఫీల్డు ముందుగా తీసుకున్నారు, క్యాసెట్ మీద రాసి ఉన్న తేదీ, ఊరు ఏమిటి అన్నది చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసి దాని పక్కనే పెట్టాలి. పదేళ్ల తర్వాత ఆ ఫైల్ తెరిచేవాళ్లు ముందుగా వెతికేది ఆ వివరాల కోసమే.